అన్న కోసం ఖాళీ చేసిన కారు

మొన్న పొద్దున పాత ఇనుపసామాను కొనే ఆటో మా సందులోకి వచ్చింది. ఇదివరకైతే ఆ మనిషి గొంతెత్తి పిలిచేవాడు, మనం వద్దంటే ఊరుకునేవాడు. ఇప్పుడు మైకులో పట్టి పెట్టిన మాటలే తిరుగుతుంటాయి, ఆటో ఆగినా మైకు ఆగదు. మెట్ల కింది అర ఖాళీ చెయ్యమని మా ఇంటావిడ ఎన్నాళ్ళుగానో పోరుతోంది కనుక ఆ రోజు ఇక తప్పించుకునే దారి లేక, విరిగిన కుర్చీ, చిల్లుపడ్డ బకెట్టు, తుప్పు పట్టిన కూలరు డబ్బా ఒక్కొక్కటే బయటికి జరుపుతుంటే, అన్నిటికన్నా వెనక గోనెసంచిలో చుట్టి పెట్టిన నాలుగు స్ప్రింగులు చేతికి తగిలాయి. గోనె విప్పితే నీలం రంగు ఇంకా అక్కడక్కడ మెరుస్తూనే ఉంది. ఆటో అతను ఒకదాన్ని ఎత్తి చూసి, ఇదేం బండిదని అడిగాడు. నేను రెండోదాని మీది దుమ్ము తుడుస్తూ ఉండిపోయాను. ఇంటావిడ గుమ్మంలోంచి తొంగి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. పొద్దున లేచింది మొదలు నన్ను ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనలేదంటే, ఆవిడకూ అదే గుర్తుకొచ్చిందన్నమాట.

ఆ స్ప్రింగులు మా అన్న కోసం తెప్పించినవి. రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. నేను అప్పటికి రిటైరు కావడానికి దగ్గర పడ్డాను, మోకాళ్ళు ఇంకా నా మాట వింటున్న రోజులు.

మేము ముగ్గురం అన్నదమ్ములం. కట్టంగూరు దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు మాది, గొర్లను నమ్ముకుని బతికిన ఇల్లు. పెద్దవాడైన అన్న బాపు వెంట మందలోకి పోయాడు, నడిపివాడినైన నేను బడికి పోయి చివరికి నల్లగొండలో పశువుల దవాఖాన కాంపౌండరుగా తేలాను, చిన్నవాడు స్టీరింగు పట్టుకుని దేశం మీద పడ్డాడు. అన్న మంద వెంట పోయాడు కనుకనే నేను పలక పట్టుకోగలిగాను. ఈ మాట అన్న ఒక్కనాడూ అనలేదు, నేనే లోలోపల అనుకునేవాణ్ణి.

మా ఊరి బోరు నీళ్ళ సంగతి ఈ వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మాలో ఒకడు నోరు తెరిచి నవ్వితే చాలు, ఎదుటివాడికి ఊరు తెలిసిపోయేది. పళ్ళు పచ్చబడడంతో ఆగినవాళ్ళు అదృష్టవంతులు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు కొందరి ఎముకల్లోకి దిగింది, మా అన్న ఎముకల్లోకి దిగింది. నేను చిన్నప్పుడే పట్నం నీళ్ళకు అలవాటు పడ్డాను, తమ్ముడు రోజుకొక ఊరి నీళ్ళు తాగాడు, అన్న ఒక్కడే ఉన్నచోట ఉండి అవే నీళ్ళు తాగాడు. మొదట మోకాళ్ళు బిగిశాయి, తరవాత నడుము, ఆ పైన మెడ. యాభై దాటేసరికి మనిషి తలుపు చెక్కలాగా అయిపోయాడు. పక్కనున్న మనిషిని చూడాలంటే పాదాల దగ్గరి నుంచి మొత్తం తిరగవలసి వచ్చేది. కూర్చున్నవాడు కూర్చున్నట్టుంటే బాగానే ఉండేవాడు, కుదుపు తగిలితే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. ఆటోలో ఒకసారి నల్లగొండకు తీసుకొస్తే సగం దారిలోనే ముఖం నల్లబడిపోయింది. చూసిన డాక్టర్లందరూ ఒకే మాట అన్నారు, చేసేదేమీ లేదు, కుదుపులు తగలనియ్యకండి అని. మండలంలోని గొర్లూ మేకలూ అన్నీ సూదిమందుకు నా దగ్గరికే వచ్చేవి, ఏ జీవానికి ఏం మందో చీకట్లో కూడా చేతికి తెలిసేది నాకు. మా అన్నకు మాత్రం నొప్పుల గోలీ చేతిలో పెట్టి నీళ్ళ గ్లాసు అందించడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

అప్పటికే ఊరి చుట్టూ చెలకలన్నీ బత్తాయి తోటలై కంచెలు పడ్డాయి. గొర్లకు కాలు పెట్టే జాగా లేక మంద రెండు గుట్టల అవతలికి జరిగింది. కాలువ పనుల కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా ఉన్న తమ్ముడు, ఆ పనులు అయిపోగానే ఇంటికొచ్చి, పెళ్ళాంతో కలిసి మందను చూసుకుంటున్నాడు. అన్న ఇంటి అరుగు మీద. మంద దగ్గరికి పోవాలంటే కొంతదూరం తారురోడ్డు, ఆ తరవాత నల్లరేగడి, ఆ పైన బండలు తేలిన బాట, మధ్యలో ఒక వాగు. రెండేళ్ళు అన్న తన మందను చూడలేదు.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. చలి వెనకబట్టాక, మంద ఎండాకాలం మేతకు కృష్ణ ఒడ్డుకు బయలుదేరే ముందు, విత్తనానికి ఉంచవలసిన పొట్టేలును ఇంటి పెద్ద ఎంచాలి. ఎంచడమంటే మంద మధ్యలో నిలబడి, పొట్టేళ్ళు నడుస్తుంటే చూసి, దగ్గరికి వచ్చినదాని మెడ నుంచి తోక దాకా వెన్ను మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా పోనివ్వడం. బాపు చేశాడు, బాపు తరవాత అన్న చేశాడు. అన్న అరుగెక్కిన ఆ రెండేళ్ళూ తమ్ముడే పొట్టేళ్ళను ఫోనులో పట్టుకొచ్చి చూపించేవాడు, అన్న చూసి ఏదో ఒకటి అనేవాడు, ఫోను తిరిగి ఇచ్చాక మాత్రం ఆ పూట ఇక ఎవరితోనూ మాట్లాడేవాడు కాడు. మూడో ఏడు చలి తగ్గుతుండగా, నేను ఆదివారం పూట ఊరికి పోతే, పక్కన కూర్చోబెట్టుకుని, నా వైపు తిరగలేక ఎదురుగా ఉన్న గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"తమ్మీ, ఈయేడు నన్నొక్కసారి మంద కాడికి తోల్కపోండ్రా. పొట్టేలును నేనే ఎంచుత."

జీవితంలో మా అన్న నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. పొట్టేళ్ళనే ఇంటికి తెస్తే సరిపోదా అని మీకు తోచవచ్చు, మాకూ తోచింది. తమ్ముడు రెండింటిని కారెక్కించుకుని తెచ్చాడు కూడా. అన్న చెయ్యి పెట్టినట్టే పెట్టి తీసేసి, బండెక్కి దిగిన పొట్టేలు నా లెక్కనే బిగుసుకుంటది, దాంట్ల ఏం తెలుస్తదిరా అన్నాడు. అందులో నిజం ఉండవచ్చు. అసలు నిజం ఆయనకు మందను చూడాలని ఉంది, అది మా అందరికీ అర్థమైంది.

ఇక కారు సంగతి. కాంట్రాక్టరు ఈ ప్రాంతం వదిలిపోతూ తన పాత కారును తమ్ముడికే అమ్మిపోయాడు. వెనక డిక్కీ, సీటు కలిసిపోయి పొడుగ్గా ఉండే కారు, బయటిదేశం కంపెనీది, మన దేశంలో కొన్నాళ్ళు అమ్మి మానేశారట. దాని గొప్పంతా ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందడంలో ఉంది. రేగడి బురదలో ట్రాక్టరు దిగబడ్డ చోట కూడా అది గొణుక్కుంటూ బయటికి వచ్చేసేది. మిగతా కార్లు రెండు కాళ్ళతో దేకుతాయి, మాది నాలుగు కాళ్ళ మీద నడుస్తుంది, అందుకే దానికి మా మందలో చోటిచ్చామని మరదలు అందరితో అనేది. మంద దగ్గరికి చేరగల బండి ఏదైనా ఉందంటే అదే. కానీ దాని షాకబ్జర్లు నూనె కారిపోయి చచ్చిపోయాయి. అన్నను ఎక్కించుకుని ఊరి చివరి దాకా పోయి వెనక్కి తీసుకొచ్చాడు తమ్ముడు, దిగేటప్పుడు అన్న ముఖం చూసి వదిన ఆ కారును చీపురుతో కొట్టినంత పని చేసింది.

పానగల్ రోడ్డులో తమ్ముడికి తెలిసిన షెడ్డు ఒకటి ఉండేది, దాన్ని నడిపే ఆయనను అందరం షెడ్డు భాయ్ అనేవాళ్ళం. ఆ కారుకు కంపెనీ సామాను ఇక దొరకదని తేల్చేసి, హైదరాబాదులో ఒకాయన బయటినుంచి తెప్పించే కాయిలోవర్లు వేసుకుంటే అన్నకు పూలపల్లకీయే అన్నాడాయన. కాయిలోవరంటే నాకప్పుడు తెలియదు. స్ప్రింగూ, దాని నడుమ నిలబడే షాకబ్జరూ కలిసి ఒకే సామానుగా వస్తాయి. కింద మరలున్న పట్టీని తిప్పితే కారు ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. నెత్తి మీద చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే గట్టి, మెత్తన. మెత్తన అన్న మాట ఒక్కటే నాకు వినబడింది, మిగతాదేమీ చెవికెక్కలేదు.

హైదరాబాదు ఆయన ఫోనులో తమ్ముణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, కారులో బరువేం వేస్తారని. తమ్ముడు దాణా బస్తాలు, నీళ్ళ క్యాన్లు, రెండు పొట్టేళ్ళు, నలుగురు మనుషులు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉన్నదానికన్నా ఒక బస్తా ఎక్కువే చెప్పి ఉంటాడు. బరువెంతని అడిగితే తక్కువ చెప్పే అలవాటు మా ఇళ్ళలో లేదు. ఎడ్లబండి కట్టే రోజుల నుంచి, వేసే బరువు దాచిపెడితే నడి దారిలో ఇరుసు విరుగుతుందన్న భయం మా నెత్తుట్లో ఉంది. ఆ బండిలో ఎక్కబోయేది వీపు బిగిసిన మనిషి అని అతనికి ఎవరూ చెప్పలేదు. తమ్ముడు భాయ్ చెప్పాడనుకున్నాడు, భాయ్ తమ్ముడు చెప్పాడనుకున్నాడు, నేను ఇద్దరూ చెప్పే ఉంటారనుకున్నాను.

బిగించిన రోజు నేను సెలవు పెట్టి షెడ్డులోనే కూర్చున్నాను. కారును నాలుగు స్టాండ్ల మీద లేపి చక్రాలు విప్పితే లోపలి బోల్టులు తుప్పుతో ఒక్కటైపోయి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానబెట్టి, సుత్తితో తట్టి, పొడుగాటి పైపు తగిలించిన పానాతో భాయ్ వేలాడితే అప్పుడు ఒక్కొక్కటి కీచుమంటూ కదిలింది. పాతది ఊడగానే చక్రం మోసే దిమ్మ కిందికి జారి బ్రేకు పైపు తెగకుండా దాన్ని తాడుతో పైకి కట్టాడు, అచ్చం మేము విరిగిన గొర్రె కాలును కట్టినట్టు కట్టాడు. వెనకవాటికోసం లోపలి అట్టలన్నీ పీకవలసి వచ్చింది. నీలం రంగు స్ప్రింగులు గోనెలోంచి తీసి ఒక్కొక్కటే నిలబెట్టి బిగిస్తుంటే, ఎందుకో నా కళ్ళు చెమర్చాయి. భాయ్ చూసి, పొగ తగిలిందేమో అనుకుని చాయ్ పొయ్యి దగ్గర కూర్చోకు సాబ్ అన్నాడు.

ఎత్తు చూసి సరిచెయ్యాలంటే కారులో మామూలుగా వేసే బరువు వెయ్యాలన్నాడు భాయ్. తమ్ముడు పొద్దున్నే అన్నీ సిద్ధంగా తెచ్చుకున్నాడు. బస్తాలు, క్యాన్లు, రెండు పొట్టేళ్ళు వెనక సర్ది, తమ్ముడూ నేనూ షెడ్డు కుర్రాడూ ఎక్కి కూర్చుంటే, భాయ్ కొక్కెం పానాతో పట్టీలు తిప్పి, చక్రానికీ పై రేకుకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టేలా నాలుగు పక్కలా సమానం చేశాడు. అలాగే షెడ్డు ముందున్న గుంతల రోడ్డు మీద తోలాడు. నా చేతిలో చాయ్ గ్లాసు ఉండిపోయింది, ఒక్క చుక్క ఒలకలేదు.

"మస్కా లెక్క పోతాంది సాబ్!" అని భాయ్ స్టీరింగు మీద చరిచాడు. నేను ఆ సాయంత్రం ఇంటికి ఎలా వచ్చానో తెలియదు, నాకే నడుము నొప్పి తగ్గినట్టుగా ఉంది.

రెండు రోజులకు మంచిరోజు చూసి బయలుదేరదీశాం. ఇప్పుడు చెప్పబోయేది మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరేమో. పొద్దున్నే వదిన కారులోంచి బస్తాలన్నీ దింపించింది. దాణా వాసన ఆయనకు పడదని ఒక్క గింజ లేకుండా ఊడ్పించింది. నీళ్ళ క్యాన్లు దించారు. తమ్ముడు ఇంకో అడుగు ముందుకు వేసి, అన్న ఎక్కే బండికి అనవసరపు బరువెందుకని స్టెప్నీ చక్రం, జాకీ, పనిముట్ల పెట్టె సైతం తీసి అరుగు మీద పెట్టాడు. వస్తామన్న చుట్టాలను రావద్దన్నారు. ముందు సీటులో బొంత పరిచి, దాని మీద అన్న పాత గొంగడి నాలుగు మడతలు వేసి, గర్భిణిని కూర్చోబెట్టినంత మెల్లగా అన్నను కూర్చోబెట్టాం. వెనక నేనొక్కణ్ణే, అదీ అన్న భుజాలు పట్టుకోవడానికి. బక్కవాణ్ణి కనుక నాకు అనుమతి దొరికింది. అంత శుభ్రంగా, అంత ఖాళీగా ఆ కారును మేమెన్నడూ చూడలేదు.

తారురోడ్డు మీద చిన్న వణుకు మొదలైంది, కొత్త సామాను కదా అనుకున్నాం. ఊరి చివర స్పీడు బ్రేకరు దగ్గర కారు ఎగిరింది. ఎగరడమంటే ఎగరడమే, వెనక సీటులో నా నెత్తి పైకప్పుకు తగిలింది. తలుపు పట్టుకున్న అన్న చేతి మీద నరాలు లేచాయి. తమ్ముడు అద్దంలోంచి నా కళ్ళలోకి చూశాడు. కారు ఆపి, దిగి, ముందూ వెనకా తిరిగి, షాకబ్జర్ల నెత్తి మీది మీటలన్నీ మెత్తనకు తిప్పి వచ్చాడు. అది ఇంకా పాపమైంది. ఇంతకుముందు రాయికి ఒక్కసారి ఎగిరే కారు ఇప్పుడు ఒకే రాయికి రెండు మూడు సార్లు ఊగడం మొదలుపెట్టింది. బండల బాట ఎక్కేసరికి నేను అన్న భుజాలను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను, ప్రతి రాయీ ఆ భుజాల్లోంచి నా చేతుల్లోకి వచ్చేది. ఎట్లుందే అన్నా అని తమ్ముడు అడిగినప్పుడల్లా "మంచిగనే ఉందిరా, పోనియ్" అనేవాడు. స్ప్రింగులకోసం తమ్ముడు ఎంత తిరిగాడో ఆయనకు తెలుసు. పళ్ళు నూరుకుంటున్న శబ్దం వెనకున్న నాకు వినబడుతూనే ఉంది, నేను దాన్ని తమ్ముడికి చెప్పలేను, చెప్పకుండా ఉండలేను.

వాగు దగ్గరికి రాగానే అన్న ఆపురా అన్నాడు. అంతే అన్నాడు.

ముందుకు పోదామన్నా అంతే దూరం, వెనక్కి పోదామన్నా అంతే దూరం, రెండు పక్కలా అవే రాళ్ళు. తమ్ముడు వాగు గడ్డెక్కి భాయ్‌కి ఫోను చేశాడు. కింది పట్టీ కొన్ని చుట్లు విప్పి చూడు అని చెబుతుండగానే లైను తెగిపోయింది. విప్పడానికి కొక్కెం పానా కావాలి, అది పనిముట్ల పెట్టెలో ఇంటి అరుగు మీద ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో జీవాలు నా చేతుల్లో పోయాయి, కానీ ఏమీ చెయ్యలేకపోవడమంటే ఏమిటో నాకు ఆ వాగు ఒడ్డునే తెలిసింది. తమ్ముడు ఒక బండ మీద కూలబడి తల పట్టుకున్నాడు. లారీలు తోలి మొండిదేరిన మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. కారులోంచి అన్న ముందు అద్దం వైపే చూస్తూ పిలిచాడు.

"ఏందిరా చిన్నోడా, ఏడుస్తున్నవా? నాకు కనబడ్తలేదు. జర ముందటికొచ్చి ఏడువు."

తమ్ముడు ఏడుస్తూనే నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక కూడా కారు అక్కడే ఉంది, అన్న అందులోనే ఉన్నాడు.

మళ్ళీ సిగ్నలు దొరికాక తమ్ముడు మరదలికి ఫోను చేసి, మందను వాగు దగ్గరికి తోలుకురమ్మన్నాడు. ఆమె ఎందుకని కూడా అడగలేదు. ఎండ నడినెత్తికెక్కి, అటు వాలే దాకా కూర్చున్నాం. ముందు గుట్ట మలుపులో దుమ్ము లేచింది, ఆ తరవాత గంట వినబడింది, ఆ తరవాత మంద మొత్తం బండల మీదుగా నల్లగా దిగింది. అన్నను మెల్లగా దింపి కారుకు ఆనించి నిలబెట్టాం. గొర్లు వచ్చి ఆయన చుట్టూ నిండిపోయాయి, ఒకటి పంచె కొస నమిలింది, ఒకటి కాలి మీద మూతి పెట్టింది. తల వంచి చూడలేడు కనుక అన్న ఎదురుగా ఆకాశం వైపు చూస్తూనే, రెండు చేతులూ కిందికి జార్చి వాటి వీపుల మీద పోనిచ్చాడు. రెండేళ్ళు ఆయన ముఖంలో లేని వెలుగు అప్పుడు చూశాను.

మరదలు పొట్టేళ్ళను ఒక్కొక్కటే ఎదురుగా నడిపించింది. దగ్గరికి వచ్చిన ప్రతిదాని వెన్ను మీద అన్న అరచెయ్యి మెడ నుంచి తోక దాకా పోయింది. అలల్లా వంగి అలల్లా లేచే ఆ వెన్నుల మీద ఎటూ వంగని మనిషి చెయ్యి అలా పోతుంటే నేను చూడలేక వాగు వైపు తిరిగాను. చెవి చీలిన ఒక పొట్టేలు దగ్గర చెయ్యి ఆగింది. ఇదీ అన్నాడు. తమ్ముడైతే దాన్ని ఎంచి ఉండేవాడు కాదట. ఎందుకు అదేనని ఎవరమూ అడగలేదు, అన్న చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు నేను అన్న సీటు మీది గొంగడిని దులిపి ఇంకో మడత వేశాను. మరదలు మాత్రం ఎటూ ఇంటికే పోతున్నారు కదా అని, కృష్ణ దాకా నడవలేని ముసలి గొర్లను నాలుగింటిని కాళ్ళు కట్టి వెనక ఎక్కించింది, వాటి పక్కన మంద వెంట గాడిదల మీద వచ్చిన గొర్లబొచ్చు మూటలు, వాటి పైన మిగిలిన దాణా బస్తాలు. అన్నకు ఊపిరాడదని తమ్ముడు వద్దన్నాడు, అన్నే ఎక్కియ్యండ్రి, అవ్వి కూడా నా లెక్కటియ్యే కదా అన్నాడు. నేను ఒక గొర్రెను ఒళ్ళో పెట్టుకున్నట్టుగా ఇరుక్కున్నాను. వాగు నుంచి వెనక్కి తిరిగి మొదటి బండ ఎక్కాం, దిగాం. చప్పుడు లేదు. రెండోది, మూడోది. కారు నిండు చూలాలు నడిచినట్టు నెమ్మదిగా, మెత్తగా పోతోంది. పొద్దున నా చేతులను కొట్టిన రాళ్ళు ఎక్కడికి పోయాయో తెలియలేదు. చూస్తే అన్న కళ్ళు మూసుకుని ఉన్నాయి. భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. నిద్రపోతున్నాడు.

తమ్ముడూ నేనూ అద్దంలో ఒకరినొకరం చూసుకున్నాం. చాలా దూరం పోయాక, "పొద్దుగాల మనమే ఖాళీ చేసినం గదనే" అన్నాడు గొంతు తగ్గించి. నిండు బరువుకని తెప్పించిన స్ప్రింగులు బరువు ఉంటేనే వంగుతాయి. ప్రేమ కొద్దీ ఒక్కొక్కటే దింపుకుంటూ పోయి మా అన్న వీపు మీద రాళ్ళు వేశాం మేము. వాగు దగ్గర అన్ని గంటలు కూర్చున్నామే, చుట్టూ ఉన్నవన్నీ బండలే, బరువే. తెలిసి ఉంటే కారు నిండా రాళ్ళు ఎత్తేసుకుని హాయిగా పోయి ఉండేవాళ్ళం.

తెలిసింది కదా, ఇకనైనా ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోవచ్చునని సంబరపడ్డాం. ఎండాకాలం మొదట్లో అన్నకు రోజూ అదే మాట. మంద తిరిగొచ్చాక ఎదురు పోదామన్నాడు, భువనగిరి గుట్ట కింది నుంచైనా సరే ఒకసారి చూస్తానన్నాడు, నా దవాఖాన చూడలేదు, చూపించమన్నాడు. వదిన బస్తాల్లో ఇసుక నింపించి, మూతులు కుట్టించి, గుమ్మం పక్కన వరసగా పెట్టించింది, ఎప్పుడు బయలుదేరినా ఆలస్యం కాకుండా.

ఎండలు ముదిరాక అన్నకు దగ్గు పట్టుకుంది. మనకైతే వారం దగ్గి ఊరుకునే దగ్గే. ఆయన పక్కటెముకలు కూడా బిగిసిపోయి ఉన్నాయి, దగ్గడానికి ఛాతీ కదలదు. నల్లగొండ పెద్ద దవాఖానకు, అవును, ఆ ఇసుక బస్తాలే వేసుకుని, మెత్తగానే తీసుకొచ్చాం అనాలని ఉంది నాకు. అది కూడా జరగలేదు, ఆ రోజు కారు తమ్ముడితో మంద దగ్గర ఉంది. అంబులెన్సు వచ్చేలోపే, నేను మంచం పక్కన గోలీలూ నీళ్ళ గ్లాసూ పట్టుకుని నిలబడి ఉండగానే, ఊపిరి అందక పోయాడు. మంద ఇంకా కృష్ణ ఒడ్డునే ఉంది. పరామర్శకు వచ్చినవాళ్ళకు కుర్చీలు చాలక, గుమ్మం పక్కనున్న ఆ ఇసుక బస్తాల మీద కూర్చున్నారు. వదిన వాళ్ళను లెమ్మనలేదు, అటు చూడనూ లేదు.

చెవి చీలిన పొట్టేలు మంచి విత్తనమే అయింది, దాని పిల్లలు గట్టివి. కొన్నాళ్ళకు మేపే జాగా బొత్తిగా లేక తమ్ముడు మందను అమ్మేశాడు. కారును కొన్నవాడు పాత పద్ధతి స్ప్రింగులే కావాలంటే, తమ్ముడు అవి ఎక్కడినుంచో వెతికి వేయించి, నీలంవి గోనెలో చుట్టి మా ఇంట్లో పడేసి పోయాడు. తన ఇంట్లో పెట్టుకోలేనన్నాడు.

మొన్న ఆటో అతనికి నేను చివరికి, మా అన్న బండిదయ్యా అన్నాను. అతనికేం తెలుస్తుంది, త్రాసు మీద పెట్టబోయాడు. వద్దని చెప్పి మళ్ళీ గోనెలో చుట్టాను. అర సగమే ఖాళీ అయిందని ఇంటావిడ ఇంతవరకూ నన్ను ఏమీ అనలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. చిన్నపిల్లలు నవ్వితే పళ్ళు తెల్లగా ఉంటున్నాయి, చూస్తుంటే సంతోషమే. ఆ నీళ్ళే మాకు నలభై ఏళ్ళ ముందు వచ్చి ఉంటే అన్న ఇప్పుడు నాతో పాటు ఈ ముసలితనాన్ని తిట్టుకుంటూ ఉండేవాడు. మంద ఉండిన గుట్ట దాకా తారురోడ్డు పడింది, వాగు మీద వంతెన కట్టారు. ఏ స్ప్రింగులూ అక్కర్లేదు, ఖాళీ కారయినా నీళ్ళ మీద పోయినట్టు పోతుంది. ఆ రోడ్డు చివర మంద లేదు, దాన్ని చూడాలనే మనిషీ లేడు. ఎవరి కోసం ఆ నునుపో అనిపిస్తుంది నాకు.

పోయిన నెల ఒక పెళ్ళికి తమ్ముడి చిన్న కారులో ఆ దారినే పోయాం, ముందు మరదలు, వెనక నేను. వంతెన దగ్గరికి రాగానే ఎదురుగా ఏ బండీ లేకపోయినా తమ్ముడు గేరు తగ్గించి, నడక వేగానికి తెచ్చాడు. వంతెన దాటాక మరదలు, వెనక్కి తిరగకుండానే, "బావా, నన్నెందుకు గంత గట్టిగ పట్టుకున్నవే?" అంది. అప్పుడు చూసుకున్నాను. నా రెండు చేతులూ ముందు సీటు మీదుగా పోయి ఆమె భుజాలను అదిమి పట్టుకుని ఉన్నాయి.